ఇష్టమైన బ్యాండ్ వస్తోంది, టికెట్ ఇప్పుడే కొనాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

2024 సెప్టెంబరు 22, ఆదివారం. మధ్యాహ్నం పన్నెండింటికి బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే ముంబయి షోల టికెట్లు అమ్మకానికి పెడుతున్నారని పదకొండింటికే నేనూ చెల్లీ రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాం. పన్నెండు కాగానే తెర మీద మా క్యూ నంబరు పడింది. ఆరు లక్షల పైచిలుకు. ఆ రోజు మాకు టికెట్ దొరకలేదు. నాలుగు నెలల తర్వాత అదే బ్యాండ్‌ను అహ్మదాబాద్‌లో చూశాం. ఈ మధ్యలో నేర్చుకున్నదీ, ఆ తర్వాత ఇంకొన్ని షోలకు తిరిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. చుట్టాలు, ఆఫీసువాళ్లు, చెల్లి స్నేహితులు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలే ఇవి.

సూటిగా చెప్పండి. ముందే కొనాలా, ఆగాలా?

ఆ బ్యాండ్ మన దేశానికి ఎన్నేళ్లకోసారి వస్తుందో ముందు చూసుకోండి. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

కోల్డ్‌ప్లే 2016 నవంబరులో ముంబయిలో ఒక ఫెస్టివల్‌లో వాయించింది. మళ్లీ వచ్చింది 2025 జనవరిలో. మధ్యలో ఎనిమిదేళ్లు గడిచాయి. ఆ మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లలు ఈసారికి పెళ్లై, పిల్లలను ఇంట్లో ఎవరికి అప్పజెప్పి రావాలా అని చూసుకునే వయసుకు వచ్చేశారు. అలాంటి బ్యాండ్ అయితే, మీకు నిజంగా ఇష్టమైతే, అమ్మకం మొదలైన రోజే కొనండి.

బెంగళూరు బ్యాండ్ అగం, కొచ్చి బ్యాండ్ థైక్కుడం బ్రిడ్జ్, మన హైదరాబాద్ బ్యాండ్ కాప్రిషియో లాంటివాళ్ల సంగతి వేరు. వాళ్లు దక్షిణాదిలో తిరుగుతూనే ఉంటారు. ఈసారి కుదరకపోతే ఇంకోసారి, ఈ ఊళ్లో కాకపోతే పక్క ఊళ్లో చూడొచ్చు. వాళ్ల షోలకు మూడు నెలల ముందు టెన్షన్ పడక్కర్లేదు. నేనైతే వారం పది రోజుల ముందు కొంటాను.

మనకు సినిమా టికెట్ల అలవాటు ఎక్కువ. మొదటి రోజు దొరక్కపోతే సోమవారం చూస్తాం, అదీ కాకపోతే నెల తర్వాత ఓటీటీలో చూస్తాం. కచేరీకి రెండో వారం ఉండదు. ఈ తేడా బాగా తెలిసినవాళ్లు కూడా సినిమా అలవాటుతోనే "చూద్దాంలే" అనేసి ఊరుకుంటారు.

మళ్లీ వస్తుందో రాదో మనకెలా తెలుస్తుంది?

ఖచ్చితంగా తెలియదు. పాత టూర్లు చూస్తే ఒక అంచనా దొరుకుతుంది. గత పదేళ్లలో ఆ బ్యాండ్ ఆసియాకు ఎన్నిసార్లు వచ్చింది, వచ్చినప్పుడు సింగపూర్, బ్యాంకాక్‌లతో సరిపెట్టి వెళ్లిపోయిందా, మన దాకా వచ్చిందా అన్నది వికీపీడియాలో పావుగంటలో చూసుకోవచ్చు.

లింకిన్ పార్క్ విషయంలో నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇంజనీరింగ్ హాస్టల్ గదుల్లో ఆ పాటలు వినని తరం లేదు. గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ 2017 జులైలో చనిపోయే నాటికి ఆ బ్యాండ్ మన దేశంలో ఒక్కసారి కూడా వాయించలేదు. 2024లో కొత్త గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో బ్యాండ్ మళ్లీ మొదలైంది, 2026 జనవరిలో బెంగళూరు, ముంబయిలకు వచ్చింది. వెళ్లినవాళ్లు సంతోషంగానే తిరిగొచ్చారు. అయినా మేం హాస్టల్లో విన్న ఆ గొంతును ఎదురుగా నిలబడి వినే అవకాశం మాలో ఎవరికీ రాలేదు. అంత దూరం ఎందుకు, బాలుగారి కచేరీకి వచ్చేసారి వెళ్దాంలే అనుకుని 2020 సెప్టెంబరు తర్వాత బాధపడ్డవాళ్లు మన ఇళ్లలోనే ఎంతోమంది ఉన్నారు.

భయపెట్టాలని ఇది చెప్పడం లేదు. మీ మనసులోని జాబితాలో పైన ఉన్న రెండు మూడు పేర్లకు మాత్రం ఈ లెక్క వేసుకోండి. ఇరవై పేర్లకు వేస్తే జీతం చాలదు.

మొదటి రోజు టికెట్ దొరకలేదు. ఇక అయిపోయినట్టేనా?

కాదు. కోల్డ్‌ప్లే టికెట్లు ఎలా బయటికి వచ్చాయో వరుసగా చూడండి.

మొదట ప్రకటించింది ముంబయిలో జనవరి 18, 19 తేదీల షోలు మాత్రమే. సెప్టెంబరు 22న అమ్మకం మొదలైన కాసేపటికే, జనం తాకిడి చూసి, జనవరి 21న మూడో షో కలిపారు. నవంబరులో, అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో జనవరి 25న ఇంకో షో అని ప్రకటించి, నవంబరు 16న టికెట్లు పెట్టారు. ఆ తర్వాత జనవరి 26న అక్కడే రెండో షో కలిపారు. నవంబరు 22న ఇన్ఫినిటీ టికెట్లని రెండేసి వేల రూపాయలకు కొన్ని పెట్టారు. ప్రపంచంలో ఎక్కడ వాయించినా తక్కువ ధరకు కొన్ని టికెట్లు ఉంచడం ఆ బ్యాండ్ పద్ధతి. అవి జతగానే కొనాలి, సీటు ఎక్కడ పడుతుందో కౌంటర్‌లో టికెట్ తీసుకునేదాకా తెలియదు. ఇవన్నీ పోగా 26వ తేదీ షోను డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు.

అంటే సెప్టెంబరు 22 మధ్యాహ్నం ఖాళీ చేతులతో లేచినవాళ్లకు నవంబరు ఆఖరులోపు మళ్లీ మూడు నాలుగు అవకాశాలు వచ్చాయి. ఆ మధ్యాహ్నమే కంగారుపడి, 2,500 రూపాయల టికెట్‌కు రీసేల్ సైట్లలో పది రెట్లు పెట్టినవాళ్లను తలచుకుంటే నాకు బాధేస్తుంది. పెద్ద స్టేడియం టూర్లలో మొదటి షోలు నిమిషాల్లో అయిపోతే నిర్వాహకులు ఇంకో తేదీ కలపడానికే చూస్తారు. వేదిక, లైట్లు, మనుషులు అన్నీ అప్పటికే ఇక్కడే ఉంటాయి కాబట్టి ఇంకో రాత్రి వాయించడం వాళ్లకు సులువు. కాబట్టి మొదటి రోజు దొరక్కపోతే కనీసం ఒక నెల ఆగండి.

ఒకే ఊళ్లో ఒకే షో, చిన్న హాలు, తర్వాతి రోజే వేరే దేశంలో షో అని ఉంటే మాత్రం కొత్త తేదీ మీద ఆశ పెట్టుకోవద్దు.

ముందు కొంటే చవకగా వస్తుందా?

అది ఏ పద్ధతిలో అమ్ముతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

కొన్ని షోలకు ఒక్కో విభాగానికి ఒక్కో ధర, మొదటి నుంచి చివరి దాకా అదే. కోల్డ్‌ప్లే ముంబయి టికెట్లు 2,500 నుంచి 35,000 దాకా ఉన్నాయి, నిలబడి చూసే మైదానం టికెట్ 6,450. ఇలాంటివాటిలో ముందు కొన్నంత మాత్రాన డబ్బు మిగలదు, కాకపోతే మనకు కావలసిన విభాగం దొరుకుతుంది. మొదట ఖాళీ అయ్యేవి తక్కువ ధర సీట్లే. ఆలస్యంగా వెళ్తే పై ధరవే మిగులుతాయి. అలా చూస్తే ముందు కొన్నవాడికే లాభం.

కొన్ని షోలకు మెట్లు మెట్లుగా పెంచుతారు. మొదట ఎర్లీ బర్డ్, అది అయిపోయాక ఫేజ్ వన్, ఆ తర్వాత ఫేజ్ టూ. 2024లో పంజాబీ గాయకుడు దిల్జిత్ దోసాంజ్ టూర్ ఇలాగే అమ్మారు. ఇక్కడ ముందు కొన్నవాళ్లకు నిజంగానే చవక. అదే నిలబడే చోటుకు, అదే పాటకు, పక్కనున్నవాళ్లు మనకంటే చాలా ఎక్కువ ఇచ్చి ఉంటారు. వెళ్లడం ఖాయమనుకుంటే ఇలాంటి షోకు ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మూడోది, డిమాండ్‌ను బట్టి ధర పెరిగే పద్ధతి. 2024 ఆగస్టు 31న బ్రిటన్‌లో ఒయాసిస్ బ్యాండ్ టికెట్లు అమ్మినప్పుడు దాదాపు 150 పౌండ్లున్న స్టాండింగ్ టికెట్ క్యూలో ఉన్నవాళ్ల కళ్ల ముందే 350 పౌండ్లు దాటింది. గంటలకొద్దీ నిలబడి, చివర్లో రెట్టింపు పైన ధర చూసి, తేల్చుకోవడానికి నిమిషాలే ఉండటం అన్యాయం అని నేను గట్టిగా అనుకుంటాను. మీ షోకు ఇలాంటి పద్ధతి ఉంటే క్యూలో చేరకముందే ఒక కాగితం మీద మీ గరిష్ఠ ధర రాసుకోండి. ఆ అంకె దాటితే లేచిపోండి.

మన దేశంలో ఒక్కో టికెట్ 500 రూపాయలు దాటితే 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ప్రకటనలో కనిపించే ధరలో అది కలిసి ఉందో లేదో, బుకింగ్ ఫీజు ఎంతో చివరి పేజీ దాకా వెళ్తేగానీ తేలదు. నలుగురికి కొనేటప్పుడు ఆ తేడాతో ఒక మనిషి రైలు ఛార్జీ వచ్చేస్తుంది.

ఫలానా కార్డు ఉన్నవాళ్లకు ముందే టికెట్లు అమ్మే ప్రీసేల్ కోసం కొత్త క్రెడిట్ కార్డు తీసుకోమంటారా?

వద్దు. ఇంట్లోనో ఆఫీసులోనో ఆ కార్డు ఉన్నవాళ్లను అడగండి, డబ్బు ముందే పంపండి. ఒక్క రాత్రి పాట కోసం ఏడాదంతా మోయాల్సిన కార్డు దేనికి?

షో నాలుగు నెలల దూరంలో ఉంది. అప్పటికి ఏం అడ్డం వస్తుందో అని భయం.

ఇదే అసలైన ప్రశ్న. నన్ను అడిగినవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది డబ్బు దగ్గర కాదు, ఇక్కడే.

మన ఇళ్లలో అడ్డం వచ్చేవి రెండు. ఒకటి పండగ, రెండోది పెళ్లి. పండగ తేదీ ముందే తెలుస్తుంది. పెళ్లి తేదీ అలా కాదు. కచేరీ టికెట్లు నాలుగు నెలల ముందు అమ్ముతారు, మన పెద్దవాళ్లు ముహూర్తం పెట్టేది చాలాసార్లు నెలన్నర, రెండు నెలల ముందే. సొంత బాబాయి కూతురు పెళ్లి అదే రోజు పడితే కచేరీకి వెళ్తానని చెప్పగలమా? నేనైతే చెప్పలేను, చెప్పాలని కూడా అనుకోను.

అందుకే నేను టికెట్ కొనేముందు పంచాంగం తీస్తాను. కోల్డ్‌ప్లే షోలు జరిగిన 2025 జనవరి 18 నుంచి 26 దాకా పుష్యమాసం. మన వైపు పుష్యంలో పెళ్లిళ్లు చేయరు. సంక్రాంతి కూడా 14నే అయిపోయింది, 15న కనుమ. అంటే ఆ తేదీలకు ఇంటి నుంచి అడ్డం వచ్చే అవకాశం చాలా తక్కువ. అదే సీజన్‌లో బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ హైదరాబాద్ షో ఫిబ్రవరి 2న, రామోజీ ఫిలిం సిటీలో జరిగింది. అప్పటికి మాఘం వచ్చేసింది, పెళ్లిళ్ల కాలం. దిల్జిత్ హైదరాబాద్ షో అయితే 2024 నవంబరు 15న, సరిగ్గా కార్తీక పౌర్ణమి రోజు పడింది. సాయంత్రం ఇంట్లో 365 వత్తులు వెలిగించే అలవాటున్నవాళ్లు ఆ తేదీ చూడకుండా కొంటే ఆ రోజు ఇంట్లో గొడవే.

కాబట్టి ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం ఉన్న రోజుల్లో షో పడితే ధైర్యంగా ముందే కొనండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం, మార్గశిరంలో పడితే, ఇంట్లో పెళ్లీడుకు వచ్చినవాళ్లు ఎవరున్నారో, ఎవరికి సంబంధాలు చూస్తున్నారో ఒకసారి అమ్మను అడిగి కొనండి. నేను మా అమ్మను నిజంగానే అడుగుతాను. ఆవిడ చెప్పింది ఇంతవరకూ తప్పలేదు.

ఉద్యోగం వైపు నుంచి ఒక్క మాట. కొత్త కంపెనీలో చేరబోతున్నా, నోటీసు పీరియడ్‌లో ఉన్నా శని, ఆదివారాల షోకే కొనండి. కోల్డ్‌ప్లే ముంబయి మూడో షో మంగళవారం. హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు దానికి కనీసం రెండు సెలవులు పెట్టాల్సి వచ్చింది.

వేరే ఊళ్లో షో. రైలు, హోటల్, టికెట్ — ఏది ముందు?

2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. కచేరీకి వెళ్లేవాళ్లకు ఇది పెద్ద మార్పు. కోల్డ్‌ప్లే టికెట్ల రోజు నుంచి జనవరి 18కి 118 రోజులు. పాత నియమం ప్రకారం ఆ మధ్యాహ్నమే షో టికెట్, రైలు టికెట్ రెండూ చేతిలో పెట్టుకునే వీలుండేది. ఇప్పుడు షో టికెట్ కొన్నాక, రైలు కోసం రెండు నెలలు ఎదురుచూడాలి.

నా వరుస ఇది. అమ్మకానికి ముందు రోజే, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న హోటల్ గది ఒకటి తీసి పెడతాను. టికెట్లు అమ్ముడైన గంటలో స్టేడియం చుట్టూ గదుల రేట్లు ఊహించనంతగా పెరిగిపోతాయి. తర్వాత షో టికెట్. అది దొరక్కపోతే గది రద్దు చేస్తాను. రైలుకు అరవయ్యో రోజు పొద్దున ఎనిమిదింటికి ఫోన్‌లో అలారం. వెళ్లే రోజు, వచ్చే రోజు వేరు కాబట్టి అలారాలు రెండు.

సికింద్రాబాద్ నుంచి అహ్మదాబాద్‌కు రైల్లో సుమారు ఒక రోజు పడుతుంది. షో రోజు పొద్దున దిగేలా పెట్టుకోకండి. ముందు రోజే దిగండి. రైలు ఆరు గంటలు ఆలస్యమైతే నాలుగు నెలల ఎదురుచూపు మహారాష్ట్రలో ఏదో స్టేషన్‌లో ఆగిపోతుంది.

మన హైదరాబాద్‌లోనే షో ఉంటే ఇదంతా అక్కర్లేదు కదా?

రైలు, హోటల్ అక్కర్లేదు. కానీ పెద్ద షోలు ఊరి మధ్యలో జరగడం లేదు. రామోజీ ఫిలిం సిటీ ఒక చివర, విమానాశ్రయం దారిలో ఉన్న జీఎంఆర్ ఎరీనా ఇంకో చివర. రాత్రి పదిన్నరకు వేల మంది ఒకేసారి క్యాబ్ కోసం ఫోన్లు తీస్తే ఏమవుతుందో మీకు తెలుసు. కారున్న మనిషి ఒకరు మీ గుంపులో ఉంటే ముందే కొనండి.

ఒకే కళాకారుడు రెండు మూడు దక్షిణాది నగరాలకు వస్తున్నప్పుడు సొంత ఊరే ఎంచుకోవడం సహజం. ఎడ్ షీరన్ తెలుగు పాట పాడింది మాత్రం బెంగళూరులో, గాయని శిల్పా రావుతో కలిసి. మరుసటి రోజు ఆ వీడియో చూసి హైదరాబాద్ వాళ్లం కాసేపు మాట్లాడలేదు. దీనికి ఏ ప్రణాళికా పనిచేయదు, ఊరికే చెప్పాలనిపించింది.

స్నేహితులు ఇంకా ఏమీ తేల్చడం లేదు. అందరికీ కలిపి కొనేయనా?

ఒకసారి నేను అలాగే కొన్నాను. నాలుగు టికెట్లు, మొత్తం నా కార్డు మీదే. "నువ్వు కొనెయ్, తర్వాత పంపిస్తాం" అన్నారు. షోకు మూడు వారాల ముందు ఒకరికి ప్రాజెక్టు రిలీజ్, ఇంకొకరి ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోలేదు. ఇద్దరూ మంచివాళ్లే, అబద్ధం చెప్పలేదు. కానీ రెండు టికెట్ల డబ్బు అడగడానికి నాకు నోరు రాలేదు, ఇవ్వాలని వాళ్లకు తోచలేదు. ఆ తర్వాత చాలా రోజులు మా మధ్య మాటలు ముందులా లేవు. టికెట్ డబ్బుకంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. అమ్మకానికి ముందు రోజు రాత్రి పదిలోపు యూపీఐలో డబ్బు పంపినవాళ్లకే కొంటాను. టికెట్ దొరక్కపోతే మర్నాడే తిరిగి పంపిస్తాను. రాలేకపోతే వాళ్ల టికెట్ అమ్మిపెట్టడానికి సాయం చేస్తాను, అమ్ముడవకపోతే నష్టం వాళ్లది. ఇది ముందే గ్రూపులో రాసి పెడతాను. మొదట్లో కటువుగా అనిపించింది. ఇప్పుడు ఎవరూ ఏమీ అనుకోవడం లేదు, పైగా వస్తామన్నవాళ్లు నిజంగా వస్తున్నారు.

ఎవరూ తేల్చకపోతే ఒక్క టికెట్ కొనుక్కోండి. ఒంటరిగా వెళ్లడం మొదట వింతగా ఉంటుంది. మొదటి పాట మొదలయ్యాక పక్కనున్న కొత్త మనిషికీ మీకూ అదే పాట నోటికొచ్చని తెలుస్తుంది.

అమ్మకం రోజు ఏం చూసుకోవాలి?

అరగంట ముందే లాగిన్ అవండి. పేరు, ఫోన్ నంబరు, కార్డు వివరాలు ముందే నింపి ఉంచండి. ఓటీపీ వచ్చే ఫోన్ పక్కనే ఉండాలి, అది నాన్న ఫోనైతే నాన్న కూడా పక్కనే ఉండాలి. క్యూలో పడ్డాక పేజీని రిఫ్రెష్ చేయకండి. ఒక్కొక్కరికి ఎన్ని టికెట్లిస్తారో ముందే చదవండి, కోల్డ్‌ప్లేకు నాలుగే ఇచ్చారు. మొదటి ఎంపిక విభాగం పోతే రెండోది ఏదో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. తెర మీద గడియారం తిరుగుతుండగా చర్చ పెట్టుకుంటే రెండూ పోతాయి.

నిలబడేదా, సీటా?

ముందు కొంటున్నారు కాబట్టి ఎంచుకునే వీలు మీకుంది, దాన్ని వాడుకోండి. స్టాండింగ్‌లో ముందు వరుస కావాలంటే మధ్యాహ్నమే గేటు దగ్గరుండాలి. ఎండలో నిలబడటం, లోపలికి వెళ్లాక చోటు పోతుందని నీళ్లకూ బాత్రూమ్‌కూ కదలకపోవడం, ఆ తర్వాత రెండు గంటల షో. ఇరవై రెండేళ్లకు అది ఆనందమే. నడుం నొప్పి ఉన్నవాళ్లు, అయిదడుగుల లోపు ఎత్తున్నవాళ్లు, అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు పక్క గ్యాలరీలో కింది అంతస్తు సీటు తీసుకోండి. వేదికకు మరీ పక్కగా ఉన్న సీట్లు చవకే కానీ స్తంభాలో స్పీకర్లో అడ్డం వస్తాయి.

పిల్లలను తీసుకెళ్లాలనుకుంటే వయసు నిబంధన టికెట్ కొనే పేజీలోనే ఉంటుంది, చదవండి. చెవులకు రక్షణ లేకుండా మాత్రం తీసుకెళ్లకండి.

ఎవరెవరు వస్తారో చెప్పకముందే ఫెస్టివల్ టికెట్లు అమ్ముతున్నారు. కొనొచ్చా?

ముంబయిలో లొల్లాపలూజా అనే సంగీత ఫెస్టివల్ మొదటిసారి జరిగింది 2023 జనవరిలో. బ్యాండ్ల పేర్లు చెప్పకముందే టికెట్లు పెట్టారు. తర్వాత ఇమాజిన్ డ్రాగన్స్, ది స్ట్రోక్స్ అని తెలిశాక ముందు కొన్నవాళ్లు ఎగిరి గంతేశారు. కానీ ప్రతి ఏడూ మీ అభిరుచికి సరిపోయే పేర్లే వస్తాయని లేదు. రెండు రోజులు కొత్త సంగీతం వింటూ తిరగడం మీకిష్టమైతే కొనండి. ఒక్క బ్యాండ్ కోసమే అయితే పేర్లు వచ్చేదాకా ఆగండి. కాస్త ఎక్కువ పెట్టి కొన్నా నష్టం లేదు.

షో రద్దయితే?

టికెట్ డబ్బు వెనక్కి వస్తుంది. రైలు, విమానం, హోటల్ డబ్బు నిర్వాహకులు ఇవ్వరు. ముందే కొనేవాళ్లు ఈ రెండు వాక్యాలూ గుర్తుంచుకోవాలి.

2022 అక్టోబరు 18న ఢిల్లీలో జరగాల్సిన కెనడా గాయకుడు జస్టిన్ బీబర్ షో ఆయన ఆరోగ్యం బాగాలేక నెల ముందే ఆగిపోయింది. వినేవాళ్లకు దూరం వెళ్లాల్సిన పని తప్పింది. అమెరికా బ్యాండ్ మెటాలికా విషయంలో అలా జరగలేదు. 2011 అక్టోబరు 28న గుర్గావ్‌లో జనం వేదిక దగ్గరికి చేరాక షో ఆపేశారు, తర్వాత పూర్తిగా రద్దు చేశారు. రెండు రోజుల తర్వాత, 30న, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అదే బ్యాండ్ వాయించింది. దక్షిణాది నుంచి ఢిల్లీ వైపు టికెట్ కొన్నవాళ్లు ఎంత బాధపడి ఉంటారో ఊహించుకోండి. రెండు ఊళ్లలో షో ఉంటే దగ్గరి ఊరే తీసుకోమని నేను చెప్పేది ఇందుకే. పోయినా పోయేది బస్సు ఛార్జీ.

హోటల్ రద్దు వీలున్నదే తీసుకోండి, విమానం కంటే రైలుకే మొగ్గండి. రైలు టికెట్ రద్దు చేస్తే కొంతైనా తిరిగొస్తుంది. షో వాయిదా పడితే పాత టికెట్ కొత్త తేదీకి చెల్లుతుందా, డబ్బు వెనక్కి తీసుకునే గడువు ఎప్పటిదాకా అన్నది వెంటనే చూడండి, ఆ గడువు చిన్నగా ఉంటుంది. డబ్బు రాకుండా నాన్చితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

చివరి వారంలో బ్లాకులోనో, ఎవరి దగ్గరో కొనుక్కోవచ్చు కదా?

బ్లాకులో కొనడం నాకు ఇష్టం లేదు. మొదటి రోజు వేల టికెట్లు పట్టుకుపోయేవాళ్లకు మనమిచ్చే ప్రతి రూపాయి తర్వాతి షోలో మనల్నే క్యూలో వెనక్కి నెడుతుంది. ఈ దోపిడీని ఆపాలని బాంబే హైకోర్టులో వేసిన పిటిషన్‌ను 2025 జనవరిలో కొట్టేశారు, చట్టం చేయడం శాసనసభల పని అన్నారు. అందాకా మనం కొనకుండా ఉండటమే మన చేతిలో ఉంది.

మనుషుల దగ్గర కొనడం వేరు. చివరి వారంలో జ్వరాలు, ఆఫీసు పనులు, మారిన ప్రయాణాల వల్ల టికెట్లు బయటికి వస్తాయి. నేను ఒక షోకు ఆఫీసులో ఒకావిడ దగ్గర, ఆవిడ కొన్న ధరకే, రెండు రోజుల ముందు తీసుకున్నాను. తెలిసినవాళ్లయితేనే తీసుకోండి. స్క్రీన్‌షాట్ పంపి డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. ఒకే క్యూఆర్ కోడ్‌ను పది మందికి అమ్మితే గేటు దగ్గర మొదట వచ్చినవాడే లోపలికి వెళ్తాడు. యాప్‌లోంచి మీ ఖాతాకు టికెట్ బదిలీ అయ్యాకే డబ్బు పంపండి. చేతికి కట్టుకునే బ్యాండ్ కొరియర్‌లో ఇంటికొచ్చే షో అయితే దాన్ని చేతికి తీసుకున్నాకే ఇవ్వండి.

ఊళ్లోనే షో ఉండి, దొరక్కపోయినా బాధ లేదనుకుంటే ఇలా ఆగొచ్చు. రైలెక్కి వెళ్లే షోకు ఇది పనికిరాదు.

అప్పు చేసి, ఈఎంఐ పెట్టి కొనొచ్చా?

కొనకండి. మీ బ్యాండ్ పాటలు వింటుంటే మీకు ఆ నెల వాయిదా గుర్తుకు రాకూడదు. తక్కువ ధర సీటు తీసుకోండి. రావచ్చు అనిపించే బ్యాండ్ కోసం నెలకు అయిదొందలు పక్కన పెట్టినా రెండేళ్లలో పన్నెండు వేలవుతుంది. నేను, చెల్లి అహ్మదాబాద్ వెళ్లింది అలా పోగేసిన డబ్బుతోనే.

మేం అమెరికాలో ఉంటాం. ఇవే లెక్కలా?

చాలావరకు వేరు. అక్కడ పెద్ద బ్యాండ్లు ఏడాది, రెండేళ్లకోసారి మీ ఊరికో పక్క ఊరికో వస్తాయి, కాబట్టి తొందర తక్కువ. రీసేల్ అక్కడ బహిరంగంగా నడుస్తుంది, షో రోజు మధ్యాహ్నానికి ధరలు తరచుగా పడతాయి. ఒక్కరే వెళ్లేవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది. 2025 మే నుంచి ఫీజులన్నీ కలిపిన ధరనే మొదట చూపించాలన్న నిబంధన కూడా వచ్చింది. మన దేశం నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్లాలనుకుంటే మాత్రం వీసా, టికెట్లు తేలాకే కొనండి.

ఎలాగూ లైవ్ ఇస్తున్నారు. ఇంట్లో కూర్చుని చూస్తే సరిపోదా?

మేం రెండూ చూశాం. 25న స్టేడియంలో, మర్నాడు 26న హోటల్ గదిలో, చెల్లి ఫోన్‌లో, అదే బ్యాండ్ అవే పాటలు. ఫోన్‌లో గాయకుడు క్రిస్ మార్టిన్ మొహం స్పష్టంగా కనిపించింది. డ్రమ్స్ దగ్గర ఏం జరుగుతోందో తెలిసింది. మేమున్న పై అంతస్తు నుంచి ముందు రోజు అవేవీ కనిపించలేదు, వాళ్లు నాకు అగ్గిపుల్లంత ఉన్నారు.

కానీ లోపలికి వెళ్లేటప్పుడు అందరి చేతులకూ ఒక బ్యాండ్ ఇచ్చారు. పాటను బట్టి అది దానంతటదే వెలుగుతుంది. లక్ష మందికి పైగా చేతులు ఒక్కసారిగా పసుపు రంగులోకి మారినప్పుడు చెల్లి నా భుజం గట్టిగా పట్టుకుంది. ఇంటర్‌లో ఉన్నప్పుడు దానికి ఆ పాటలు నేర్పింది నేనే. షో అయ్యాక ఆ బ్యాండ్లు గేటు దగ్గర పెట్టెల్లో తిరిగి ఇచ్చేయమన్నారు. ఇచ్చేసి, మోటేరా మెట్రో దాకా ఇద్దరం ఏమీ మాట్లాడకుండా నడిచాం.